కారే కుళాయి కింద కొండ దుంప

లాండ్రీ అక్క ఒక వాగుని మెడపట్టి మూడో అంతస్తుకి ఈడ్చుకొచ్చి, వంటగదిలో కట్టేసింది. నమ్మనివాళ్ళు మెట్లెక్కి చూసుకోవచ్చు. లిఫ్టు ఎలాగూ పనిచేయదు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మెషిన్ల దగ్గర పొద్దస్తమానం నిలబడి ఇంటికొచ్చేసరికి ఆ కాళ్ళు ఆమెవి కావు, ఎవరో అరువిచ్చినవి. ఇంట్లో మంచం మీద తల్లి. కొండ దిగి కూతురి దగ్గరికి వచ్చిన నాటి నుంచీ ఆ ముసలామెకి ఇక్కడి తిండి గొంతు దిగదు. ఇప్పుడు గంజి కూడా మానేసింది. "మన చేదు దుంప ఉంటే పెట్టు, లేకపోతే నన్నిలా వదిలెయ్యవే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

దుంప దొరికింది. కొండ నుంచి వచ్చిన మేనమామ సంచిలో వేసి తెచ్చాడు. చిక్కల్లా నీళ్ళతోనే. దాన్ని తరిగి, ఉడికించి, రాత్రంతా పారే వాగులో ఉంచితేగాని నాలుక మొద్దుబారే ఆ చేదు వదలదు. ఇక్కడ వాగెక్కడిది? కుళాయి తిప్పి వదిలేస్తే మేడ మీద ట్యాంకు ఖాళీ, కింది వాటాలవాళ్ళు యుద్ధానికొస్తారు. చివరికి అక్క కన్ను వంటగదిలో కారే కుళాయి మీద పడింది. ముక్కలు గుడ్డలో మూటగట్టి దాని కింద పెట్టింది. ఆ ధార ముందు జలపాతాలు సిగ్గుతో తలొంచుకోవాలంతే.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు ప్లంబరు. ఎన్నిసార్లు కబురెట్టినా రానివాడు!

"జరుగక్కా, వాషరు మార్చేసి పోతా."

"రేపు రా తమ్ముడూ."

"రేపు దొరకను. ఓనరు నా ప్రాణం తోడేస్తున్నాడు."

"నా దగ్గర తోడటానికి అది కూడా మిగల్లేదు. అమ్మ తిండి నానుతోంది, పో."

ప్లంబరు మూట వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. "ఇది తిని ముసలామె లేచి కూర్చుంటుందా, లేచి పారిపోతుందా?"

అక్క నవ్వలేదు. కుళాయికి అడ్డంగా చతికిలబడి, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. లేపినా లేచేలా లేదు. కాసేపు తల గోక్కుని ప్లంబరు రెంచీ తీశాడు, బిగించాల్సినదాన్ని ఇంకాస్త వదులు చేశాడు.

"వాషరు సైజు కుదర్లేదని చెప్తాలే ఓనరుకి" అని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

తెల్లారాక ముసలామె పళ్ళెం నిండా దుంప లాగించి, మంచం దిగి, వీధి చివరిదాకా నడిచొచ్చిందని వాటాలన్నీ కోడై కూశాయి. పనికి బయల్దేరుతున్న అక్కని ఆపి అడిగితే, చెప్పులేసుకుంటూ ఆవులించింది.

"నడవలేదు. లేచి కూర్చుంది. నాలుగు ముక్కలు తిని, ఇంకా చేదుందని నన్ను తిట్టింది."