గ్యాసు పైకి పోతది

మొన్న ఆదివారం పొద్దున మా సారు పోయారు. చందానగర్‌లో మా ఎదుటి ఫ్లాటు ఆయనది. హైటెక్ సిటీ ఆఫీసులో నాకు పై అధికారి. డీజిల్‌తో పాటు సహజవాయువుతోనూ నడిచే రైలింజను మీద మేం కలిసి పనిచేశాం.

ఖర్చు తక్కువ, పొగ తక్కువ అని మేమంతా సంబరపడుతుంటే ఆయన రెండే అడిగేవారు. "దారిలో యాడ నింపుకుంటది? లీకైతే ఎటు పోతది?" వంటింటి సిలిండరు గ్యాసు బరువు, నేల మీద పరుచుకుంటుంది. సహజవాయువు తేలిక, కప్పు కింద చేరుతుంది. మేమేమో ఇంట్లో అలవాటు కొద్దీ కిందే వెతికేవాళ్లం. "జర పైకి చూడుండ్రి" అనేవారు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. రోడ్డు మీద వంటావార్పు పెడితే సారు తప్పక వెళ్లేవారు. సిలిండరు పైపుకి సబ్బునురగ పూసి, బుడగలు రావట్లేదని చూసుకున్నాకే పొయ్యి వెలిగించనిచ్చేవారు. నాది కృష్ణా జిల్లా. నేను దూరంగా నిలబడితే పులిహోర తెచ్చి చేతిలో పెట్టి, "తిను తమ్మీ, దీంట్ల రాజకీయం లేదు, చింతపండే ఉంది" అన్నారు.

ఇంజను పరీక్షించాల్సిన షెడ్డుకి పైన గాలి పోయే దారి లేదు. కప్పు కోసి వెంటిలేటర్లు పెట్టేదాకా సంతకం పెట్టనన్నారు సారు. "మీ బందుల కోసం పని ఆపడానికేగా సార్ ఈ సాకు?" అన్నాడు మేనేజరు, అందరి ముందూ. నాకు ఒళ్లు మండిపోయింది. సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"బందుకైతే ఒక్కరోజు ఆపుతా. దీనికి ఎన్ని రోజులైనా ఆపుతా. లోపల నిలబడేది మన పోరగాళ్లు."

ప్రాజెక్టు ఆయన చేతి నుంచి తీసేశారు. కానీ ఆయన పెట్టనన్న చోట సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి కప్పు కోయించారు.

పరీక్ష రోజు ఒక జాయింటు దగ్గర గ్యాసు లీకైంది. కప్పు కింద పెట్టిన గ్యాసు అలారం మోగింది. గ్యాసు వెంటిలేటర్లలోంచి పైకి పోయింది. ఇంజను ఆపి బయటికి వచ్చేశాం. అంతే, చెప్పుకోవడానికి కథే లేదు. ఆ రోజు లోపలున్నవాళ్లలో నేనొకణ్ణి. కథ లేకుండా పోయినందుకే ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

తర్వాత మా అపార్ట్‌మెంటుకి పైపు గ్యాసు వచ్చింది. అదీ సహజవాయువే. సారు తమ వంటింట్లో కప్పుకి ఆనించి చిన్న కిటికీ పెట్టించారు. పావురాలు దూరుతున్నాయని సారు వాళ్లావిడ, ఆంటీ, రోజూ ఆయనతో పోట్లాడేవారు.

ఆదివారం ఇల్లంతా జనం. ఎవరో పావురాన్ని తోలి ఆ కిటికీ మూసేశారు. ఆంటీ ఏడుపు ఆపి అటు చూశారు.

"తెరువుండ్రి. ఆయన ఊకుంటడా?"

స్టూలెక్కి తెరిచాను. పొయ్యి వెలగని ఆ వంటింటికి పావురం తిరిగొచ్చి, కిటికీలో కూర్చుంది.