గంట గుర్రం నోరు

మా వదిన ఎర్మెలిందా నడిచే దారిలో ఏ గుర్రమైనా తోక ఎత్తిందంటే పెళ్ళి ఊరేగింపైనా సరే ఆగాల్సిందే. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి పెళ్ళినాడు చర్చి ముందర, కొత్త గౌనుతోనే వంగి, వెచ్చటి లద్దెని సంచిలోకి తీసుకుని, మూతి బిగించి కట్టి, గుర్రం ఎవరిదో అడిగి తెలుసుకుంది. అప్పుడుగానీ లోపలికొచ్చి మోకరిల్లలేదు.

ఊళ్ళో ఆమెకి లద్దె పంతులమ్మ అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. ఆమె ఎన్నడూ కోప్పడలేదు సరికదా, "పంతులమ్మ అన్నావుగా నికనోర్, నాకదే చాలు" అనేది.

ఆమె పుట్టింది ఈ తక్వారెంబో కొండల్లోనే, పశువుల కాపరుల ఇంట్లో. చిన్న వయసులోనే పట్నం పోయి, పశువైద్యుల ప్రయోగశాలలో గాజు సీసాలు కడిగే పనిలో చేరింది. ఇరిబార్నె అనే డాక్టరు ఒకరోజు, "నువ్వు కడిగి పారబోసేదాంట్లో ఏముందో చూస్తావా?" అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడట. ఆ కూర్చున్న మనిషి మా అన్నని పెళ్ళాడి వెనక్కి వచ్చేదాకా లేవలేదు. డాక్టరు రిటైరవుతూ ఆ పాత మైక్రోస్కోపుని ఆమెకే ఇచ్చేశాడు. మా అన్న పోయాక భోజనాల బల్ల సగం దాని పాలైంది. మిగిలిన సగం మీద మేం తినేవాళ్ళం.

నాది పచ్చితోలు అల్లే పని. కళ్ళేలు, పగ్గాలు అల్లుతాను. గుర్రాన్ని పైనుంచి చూడటం నాకు బాగా వచ్చు. వెంట్రుక మెరవాలి, పిర్ర గుండ్రంగా ఉండాలి. అలా ఉంటే ఆ గుర్రానికి ఏ రోగమూ లేనట్టే. ఇక్కడ అందరి లెక్కా అదే.

మా పక్క గడ్డిభూములు దోన్ బసిలిసియోవి. ఆయన గుర్రాల మంద మొత్తం ఒకే చామనపసుపు రంగు. ముందు నడిచేది కలాండ్రియా, మెడలో గంట కట్టిన ఆడగుర్రం. గంట ఎక్కడ మోగితే మంద అక్కడ ఉంటుంది. గంట గుర్రానికి మా దగ్గరో మర్యాద ఉంది. దానిమీద ఎవరూ ఎక్కరు, దాని నోట్లో కళ్ళెం పెట్టరు. బసిలిసియో వంశం ఆ మర్యాదని ఇంకో మెట్టు ఎక్కించింది. దాని నోట్లో ఎవరూ ఏదీ బలవంతాన పెట్టకూడదు. అందుకని చంద్రుడు తరిగే రోజులు రాగానే ఆయన మందలో ప్రతి గుర్రానికీ కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు పట్టించేవాడు, కలాండ్రియాకి తప్ప. దాన్ని చూస్తే మందు అవసరమని కూడా అనిపించదు. నూనె రాసినట్టు మెరిసేది.

ఆ చలికాలం చివర కలాండ్రియా కూతురు చిస్పా జబ్బుపడింది. ఏడాది పిల్ల. బొచ్చు రేగిపోయి, పొట్ట వేలాడి, తోకంతా విరేచనంతో తడిసి ఉండేది. దాని ముందు పుట్టినవీ ఇలాగే పోయాయి. కలాండ్రియాకి ఇక ఈతలు లేవు. చిస్పా కూడా పోతే, బసిలిసియో తాతనాటి నుంచి తల్లి తర్వాత కూతురు మోస్తూ వచ్చిన గంటని మోసేది ఉండదు. ఆయన మా వాకిట్లో నిలబడి, టోపీ కూడా తీయకుండా మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, మందులో బలం తగ్గినట్టుంది. ఈసారి అన్నిటికీ రెండింతలు పట్టిస్తా."

"ముందు లద్దె పట్రా అన్నా."

"పిల్లదేనా?"

"అన్నిటిదీ. ఏది దేనిదో కలిపేశావంటే మాత్రం నేనూరుకోను."

"కలాండ్రియాది దేనికమ్మా? అది రాయిలా ఉంటేనూ."

"రాయి లద్దె వెయ్యదుగా. పట్రా."

తెచ్చాడు. వదిన ఒక్కోదాన్నీ తూచి, కోడిగుడ్డు తేలేంత చిక్కటి ఉప్పునీటిలో చిదిమి, టీ జల్లెడలో వడగట్టి, గళ్ళు గీసిన గాజుపలకలో నింపింది. తర్వాత ఒక విడత మాతే ఆకుల తేనీరు తాగుతూ కూర్చుంది. బరువైన చెత్త కిందికి దిగాలి, నట్టల గుడ్లు పైకి తేలాలి. అప్పుడు కన్ను గొట్టానికి ఆనించింది. ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ పోయింది. చివరికి కుర్చీ జరిపి, "ఇలా రావయ్యా" అంది.

ఇన్నేళ్ళు ఆ బల్ల మీద రొట్టె తిన్నానుగానీ, ఎన్నడూ ఆ గొట్టంలోకి తొంగిచూడలేదు. లేత పసుపు వెలుగు. అందులో కోలగా, నున్నగా గుడ్లు. గాజులాంటి పలచటి పెంకు. ఒక్కోదాని లోపల చిన్న ద్రాక్షగుత్తి. ఒకటి చూసేలోపు ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, గళ్ళ నిండా అవే. చంపేవి ఇంత అందంగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. నా జీవితమంతా తొక్కుకుంటూ తిరిగిన గడ్డిలో ఇంత లోకం ఉందా అనిపించింది.

"పాపం చిస్పా" అన్నాను.

"ఇది చిస్పాది కాదు. కలాండ్రియాది."

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఎముకలు లెక్కపెట్టుకోగలిగేలా ఉన్న సార్జెంటు అనే ముసలి గుర్రం పలకలో మాత్రం వెతికితేగానీ గుడ్డు కనబడలేదు.

బసిలిసియోకి వదిన మెల్లగానే చెప్పింది. తల్లి లద్దె పడ్డ గడ్డినే పిల్ల మేస్తోంది, రోగం అక్కణ్ణుంచే వస్తోంది అంది. ఆయన మొహం మాడిపోయింది.

"అంటే నా కలాండ్రియాయే పిల్లల్ని చంపుకుందంటావా?"

"దానికేం తెలుసన్నా. మనకే తెలీలేదు."

"అయితే అన్నిటికీ పట్టిస్తా పద."

"వద్దు. ఈ తల్లీకూతుళ్ళకి తప్ప ఇప్పుడు దేనికీ అక్కర్లేదు. ఊరికే పోస్తూ పోతే మందుకి చావని మొండివే మిగిలి, అవే పెరుగుతాయి. వంక అవతలి వాళ్ళ గుర్రాలకి ఏమైంది? ఇప్పుడు మందు పట్టినా ఒకటే, నీళ్ళు పట్టినా ఒకటే. నీ దగ్గర మందు ఇంకా పనిచేస్తుందంటే అది కలాండ్రియా చలవే అనుకో. దాని కడుపులోవి మందు మొహం చూడనేలేదు, అందుకే ఇంకా మందుకి లొంగుతాయి. అవి గడ్డిలో కలుస్తుండబట్టే మొండివాటి రాజ్యం రాలేదు."

"పనిచేస్తుందా మరి?"

"పట్టించి, రెండు వారాలాగి మళ్ళీ చూస్తేగానీ చెప్పలేను."

రోగం పెట్టిందీ అదే, మందుని కాపాడిందీ అదే. నేను అల్లుతున్న తోలు చేతిలో అలాగే ఉండిపోయింది.

వదిన ఇరిబార్నె డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన శిష్యురాలొచ్చి చిస్పాకి సెలైన్ ఎక్కించి, మందు పట్టించింది. "పేగు గోడలో ఇప్పటికే ఎన్ని దూరాయో ఎవరం చెప్పలేం" అంటూ తల్లి ఛాతీ చుట్టూ టేపు వేసి బరువు లెక్కగట్టి, మోతాదు రాసిచ్చింది. అక్కడ బసిలిసియో అడ్డం తిరిగాడు.

"పిల్లకి పట్టారు, బాగానే ఉంది. తల్లి నోరు మాత్రం పట్టుకోనివ్వను. మా నాన్న పట్టుకోలేదు, నేనూ పట్టుకోను."

"నిన్నెవరు పట్టుకోమన్నారు?" అంది వదిన.

గట్టి జామ హల్వా ముక్క మధ్యలో గుంట చేసి, మోతాదంతా అందులో పెట్టి మూసింది. దడి దగ్గర అరచేయి చాపి నిలబడింది. గంట మోగుతూ దగ్గరికొచ్చింది. కలాండ్రియా వాసన చూసింది, మూతి తిప్పుకుంది, మళ్ళీ వాసన చూసింది. బసిలిసియో టోపీ కళ్ళమీదికి లాక్కుని అటు తిరిగాడు. చూడలేదంటే మర్యాద తప్పనట్టేనని ఆయన లెక్క కాబోలు. కలాండ్రియా కొరికింది. సగం ముక్క గడ్డిలో పడింది. వదిన తీసి, మట్టి దులిపి, మళ్ళీ చేయి చాపింది. సగం మోతాదు వెళ్తే మొండివి బతికిపోతాయని ఆమె భయం. కలాండ్రియా ఆ సగమూ తిని, అరచేయి నాకి, వేళ్ళసందులు కూడా నాకింది.

"ఎవరైనా దాని నోట్లో ఏమైనా పెట్టారా అన్నా?"

"నేనేం చూళ్ళేదు" అన్నాడాయన.

తర్వాత చిస్పాతోపాటు మందలోని గుర్రప్పిల్లల్ని గొర్రెలు మేసి వదిలిన మడిలోకి మార్చారు. గుర్రాల నట్టలకి గొర్రె కడుపు పడదు. గడ్డితోపాటు లోపలికెళ్ళి అక్కడే చస్తాయి. కలాండ్రియా కంచెకి ఇవతల ఉండిపోయింది. చిస్పా రోజంతా కంచె పక్కనే, గంట వైపు చెవి పెట్టి పడుకునేది. బసిలిసియో దాని పక్కన పీట వేసుక్కూర్చునేవాడు. ఒక ఉదయం అది లేచి రెండు పరకలు కొరికిందని నాకు చెప్పడానికొచ్చి, చెప్పలేక ఏడ్చాడు.

రెండు వారాల గడువు కాగానే ఆయనే వచ్చాడు. సంచులు మర్చిపోయాడట. తల్లిది ఒకవైపు, కూతురిది ఒకవైపు, మధ్యలో ఆకు అడ్డం పెట్టి, తన టోపీలోనే లద్దె మోసుకొచ్చాడు. చర్చిలో తప్ప ఎవరిముందూ తీయని టోపీ అది. వదిన నవ్వకుండా అందుకుంది. తూచింది, చిదిమింది, వడగట్టింది. మాతే తాగుతూ ఆగింది. తను చూశాక కుర్చీ ఆయనకిచ్చింది.

ఆయన ఒక కన్ను మూసి, గొట్టం మీద వంగాడు.

"ఏం కనబడ్డం లేదు చెల్లెమ్మా."

"తిప్పి తిప్పి చూడు. అది తల్లిది."

తిప్పాడు. వదిన పలక మార్చి కూతురిది పెట్టింది.

"ఇందులోనూ ఏమీ లేదు."

"నాకూ అదే కనబడింది."

ఆయన లేవలేదు. బట్టతలతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ ఖాళీ వెలుగుని చూస్తూ చర్చిలో కూడా కూర్చోనంత సేపు కూర్చున్నాడు. ఆయన్ని కదిలించడానికి మనసు రాక, ఆ రోజు మేం భోజనం నిలబడే చేశాం.