తుమ్ముకు ఆగిన జామీను

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుమ్మని మనిషి లేడు. జగ్గయ్యపేటలో మా తాతయ్యది మిరపకాయల వ్యాపారం. ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో మేము. వేసవి మొదట్లో బస్తాలు విప్పారంటే వీధి మలుపు దాకా ఘాటు కొట్టేది. అలాంటి ఇంట్లో ఉంటూ మా తాతయ్య తుమ్మంటే భయపడేవాడు. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగితే గాని మళ్లీ గడప దాటడు. ఈయన కాశీ వెళ్లాలంటే ముందు కొట్టు మూసెయ్యాలని మా నాయనమ్మ ఆటపట్టించేది. మేమంతా నవ్వేవాళ్లం. ఆ ఏడాది దాకా అది నవ్వుకునే సంగతే.

అవతల నైజాములో గొడవలుగా ఉన్న రోజులవి. చిల్లకల్లు రోడ్డు మీద పొద్దుగూకాక కనిపించిన వాళ్లనల్లా పోలీసులు ఆపేవారు. ఒకనాడు ఆ రోడ్డు పక్కన గోదాము తాళం పగలగొట్టి ఎవరో బియ్యం ఎత్తుకుపోయారు. అదే సాయంత్రం మా బండి తోలే అతను, తాతయ్య పంపితేనే, మిరపకాయల కోసం అటు వెళ్లాడు. అతన్ని పట్టుకుని నందిగామ సబ్ జైల్లో పెట్టారు. బండిలో ఒక్క బియ్యపు గింజ లేదు. అయినా అతని మాట ఎవరు వింటారు?

అతనికి తల్లి ఒక్కతే. ఊరి చివర క్రైస్తవుల పేటలో ఉండేది, ఉబ్బసం మనిషి. కొడుకును తీసుకుపోయిన నాటి నుంచి గంజి కూడా సరిగా తాగలేదట. రోజూ పొద్దున్నే రొప్పుకుంటూ వచ్చి మా అరుగు కింద కూర్చునేది. తాతయ్య నందిగామలో వకీలును పెట్టాడు. చివరికి ఒక గురువారం సాయంత్రం వకీలుగారి దగ్గర నుంచి కబురు వచ్చింది. కోర్టు బెయిలు ఇచ్చింది, ఆస్తి ఉన్నవారెవరైనా వచ్చి జామీను సంతకం పెడితే అతన్ని వదిలేస్తారు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచి వచ్చింది.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం పూట ఇంటి ఆస్తిని ఇంకొకరికి పూచీ పెట్టడమేమిటని తాతయ్య ఆగాడు. శనివారం చొక్కా వేసుకుని గడప దాటుతుండగా కొట్టులో ఎవరో తుమ్మారు. వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కూర్చుని, నీళ్లు తాగేసరికి నందిగామ వెళ్లే, బొగ్గుతో నడిచే బస్సు కాస్తా వెళ్లిపోయింది. ఆదివారం కోర్టుకు సెలవు.

ఆదివారం నాడు కూడా ముసలామె వచ్చింది. "ఇయ్యాల ఎల్తన్నారా బాబూ?" అంది, రోజూ అడిగినట్టే.

"ఇవాళ కోర్టు ఉండదు గదమ్మా. రేపు అమావాస్య, ఎల్లుండి మంగళవారం. బుధవారం పొద్దున్నే వెళ్తాలే. వదలమని కోర్టువారే చెప్పాక ఇంక భయం దేనికి?" అన్నాడు తాతయ్య.

ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "అన్నీ దేవుడు చేసిన రోజులేగా బాబూ" అని మెల్లగా లేచి వెళ్లింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదేమో, తాతయ్య కదిలేవాడు.

మంగళవారం తెల్లవారగానే ఆమె పోయిందని పేట నుంచి మనిషి వచ్చి చెప్పాడు. తాతయ్య కండువా భుజాన వేసుకుని అలాగే గుమ్మం వైపు నడిచాడు. లోపల బస్తాల దగ్గర ఇద్దరు ముగ్గురు వరసగా తుమ్మారు. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ సంతకానికి పట్టింది తమలపాకు నమిలినంత సేపేనట. అతన్ని వదిలారు. జైలు గుమ్మం దగ్గర తల్లి సంగతి ఎలా చెప్పాడో తాతయ్య మాకెప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ బస్సు దిగేసరికి, ఎండలకు శవాన్ని ఉంచలేక, పేటవాళ్లు ఆమెను మట్టి చేసేశారు.

మర్నాడు అతను మా అరుగు దగ్గరికి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. "మీరు రాబట్టే బయటపడ్డా బాబూ. లేకపోతే నాకెవరున్నారు?" అన్నాడు. అతను తిట్టినా తాతయ్య ఓర్చుకునేవాడు. ఆ దణ్ణానికి మాత్రం తట్టుకోలేక లోపలికి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు. మగవాళ్లు ఏడుస్తారని నాకు ఆ రోజే తెలిసింది.

కొన్నాళ్లకు అసలు దొంగలు దొరికారు, కేసు కొట్టేశారు. అతను నిర్దోషి అని ఊరంతా అన్నది. అతను మొదటి నుంచీ నిర్దోషే. ఆ కబురు విన్న సాయంత్రం తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పట్టుకుంది పోలీసులమ్మా. కోర్టు వదలమంది. ఆ తరవాత వాణ్ణి లోపల ఉంచింది నేనే" అన్నాడు.

ఆ తరవాత కూడా పెళ్లిళ్లకూ బేరాలకూ ఆయన పంచాంగం చూస్తూనే ఉన్నాడు. జామీను కావాలని ఎవరొచ్చినా మాత్రం చెప్పులు వేసుకుంటూనే వివరాలు అడిగేవాడు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. బెయిలు వచ్చినా పూచీ పడేవాళ్లు లేక జైళ్లలోనే ఉండిపోయిన వాళ్ల గురించి పేపర్లో చదివినప్పుడల్లా వాళ్ల తల్లులు ఎక్కడ కూర్చుని ఉంటారోననిపిస్తుంది. మిరపకాయల ఇంట్లో పుట్టిన దాన్ని, ఆ అలవాట్లు నన్నూ వదల్లేదు. కష్టంలో ఉన్నవాళ్ల కోసం బయల్దేరినప్పుడు ఎవరైనా తుమ్మితే ఇప్పటికీ నా కాలు గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. అంతలోనే అరుగు కింద నుంచి రొప్పుతూ ఆ గొంతు, "ఇయ్యాల ఎల్తన్నారా?" అంటుంది. వెళ్తున్నానమ్మా అనుకుని గడప దాటుతాను.