కురచ పాదాల ర్యాక్

వీధిలో అందరూ అతన్ని ‘ఇల్లరికం’ అనే పిలిచేవారు. మొదట్లో చాటున అనేవారు, పోనుపోను మొహం మీదే అనడం అలవాటైపోయింది. అతనూ పలికేవాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనత్త ఇంట్లో పెరిగాడు. ఆవిడ పెట్టే ప్రతి ముద్దతోనూ ఒక మాట కూడా వడ్డించేది. మాట పడటం అతనికి కొత్త కాదు. పెళ్లయి మామగారింటికి వచ్చేటప్పుడు మాత్రం, ఈసారైనా ఒక పెద్దదిక్కు తనను కొడుకులా చూసుకుంటుందని ఆశపడ్డాడు.

మామగారు లేత్ మేస్త్రి. పెద్ద కార్ఖానాలో జీవితమంతా ఇనుము చెక్కి, ఉద్యోగం అయిపోయాక ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా పని పెట్టుకున్నాడు. చిన్న లేత్, డ్రిల్లు, వెల్డింగ్ మిషను. భార్య పోయింది. ఒక్కతే కూతురు. అల్లుడు చెప్పుల దుకాణంలో పని చెయ్యడం ఆయనకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఇంటికి ఎవరొచ్చినా, “మా అల్లుడుగారు జనం కాళ్ల దగ్గర కూర్చుంటారండీ” అని పరిచయం చేసేవాడు. వచ్చినవాళ్లతోపాటు అల్లుడూ నవ్వేవాడు. నవ్వకపోతే అది ఎగతాళి అని ఒప్పుకున్నట్టవుతుందని అతని భయం.

షెడ్డులో అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటుండేది కాదు. కడ్డీలు, గొట్టాలు, యాంగిళ్లు, పట్టీలు కొన్ని గోడకు ఆనించి, కొన్ని నేల మీద పడేసి ఉండేవి. ఒక సాయంత్రం కూతురు తండ్రికి టీ తీసుకెళ్తూ గుండ్రటి కడ్డీ మీద కాలేసి బోర్లా పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. వేడి టీ మెడ మీద ఒలికింది. తండ్రి లేత్ ఆపకుండానే, “కళ్లు నెత్తి మీద పెట్టుకుని నడిస్తే అంతే” అన్నాడు.

ఆమె మెడకు మందు రాస్తూ భర్త అన్నాడు: “ఆ ఇనుమంతా సర్దడానికి నేనో ర్యాక్ కడతాను.”

“మీకెందుకండీ లేనిపోని తలనొప్పి? బాగా కుదిరితే తనే నేర్పానంటాడు. కుదరకపోతే మిమ్మల్ని ఆడిపోసుకుంటాడు.”

“అదేం లేదులే. పని చేతనైనవాళ్లంటే ఆయనకి గౌరవం.”

మర్నాడు మామగారితో చెప్పాడు. ఆయన అల్లుణ్ని ఎగాదిగా చూసి, “కట్టండి, చూద్దాం” అన్నాడు. ఆ ఒక్క మాటకే అతని మనసు గాలిలో తేలిపోయింది.

వెల్డింగ్ ఆదివారాల్లో మామగారు చేస్తుంటే చూసి నేర్చుకున్నదే. దుకాణం నుంచి వచ్చీ రాగానే షెడ్డులోకి దూరేవాడు. మందపాటి గొట్టాలు కోసి మూడు నిలువు కాళ్లు చేశాడు. ఒక్కో కాలికీ వరసగా ముందుకు చాచినట్టు ఇనుప చేతులు అతికించాడు, పొడుగు కడ్డీలు ఆ చేతుల మీద అడ్డంగా పడుకుంటాయని. కడ్డీలు జారకుండా చేతుల కొసలు కాస్త పైకి తేల్చాడు. కింద పాదాలు బిగించాడు. నిప్పురవ్వలు పడి చొక్కా అంతా చిల్లులు పడింది. భార్య కోప్పడితే ఆ చిల్లులు చూసుకుని మురిసిపోయాడు.

మామగారు లేత్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని రోజూ చూసేవాడు.

“ఈ ఎత్తు సరేనా మామయ్యగారూ?”

“మీ ఇష్టం. కట్టేది మీరు కదా.”

“పాదాలు ఈ మాత్రం చాలా?”

ఆయన పాదాల వంక చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. “మీకు తోచినట్టు చెయ్యండి.”

కాదనలేదంటే బాగుందనే అర్థమని అల్లుడు సంబరపడ్డాడు.

రంగు ఆరాక, ఆదివారం పొద్దున మామగారు కార్ఖానాలో తనతో పనిచేసిన ఇద్దరు పాత మిత్రుల్ని పిలిచాడు. అల్లుడు తెల్లారకముందే లేచి షెడ్డు ఊడ్చాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు, బిస్కెట్లు తెచ్చి పళ్లెంలో సర్దాడు. మామగారి ముక్కాలిపీట రోజూ ఉండే చోట లేదు, గుమ్మం దగ్గరకు జరిగి ఉంది. మిత్రులిద్దరినీ కూడా ఆయన అక్కడే నిలబెట్టాడు. అదంతా అల్లుడికి ఆస్పత్రి మంచం మీద గుర్తొచ్చిన సంగతి. ఆ వేళకి తట్టలేదు.

“ముందు పై వరసలో బరువైనవి పెట్టండి అల్లుడుగారూ. వాళ్లూ చూస్తారు” అన్నాడు మేస్త్రి.

అతను మొదటి కడ్డీ ఎత్తి పైన పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టి చెయ్యి తీసేలోపు ర్యాక్ మొత్తం, ఎవరో వెనకనుంచి తోసినట్టు, అతని మీదకు వంగింది. పక్కకు దూకాడు గానీ కుడి చెయ్యి రాలేదు. ఇనుప చేతికీ లేత్ అంచుకీ మధ్య నలిగిపోయింది.

మిత్రుల్లో ఒకడు ఫక్కున నవ్వబోయి, రక్తం చూసి ఆపుకున్నాడు. మేస్త్రి లేచి, పడిన ర్యాక్ పాదాన్ని చెప్పుతో తట్టాడు. “పాదాలు కురచ. బరువంతా ముందుకు చాచినప్పుడు పాదమూ అంత చాచాలి, లేదా గోడకి బిగించాలి. మొదటి రోజే చూశాను” అని మిత్రులకు వివరించాడు. అల్లుడి చెయ్యి ఇంకా కిందే ఉంది.

ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. కూతురు ఇంటికొచ్చి తండ్రి ఎదుట నిలబడింది.

“తెలిసీ ఎందుకు చెప్పలేదు నాన్నా?”

“చెబితే మర్చిపోతాడు. ఇప్పుడు మర్చిపోడు.”

ఆ రోజునుంచీ ఆమె తండ్రితో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టేది. వేరే పోదామంటే పోవడానికి చోటు లేదు. లేసులు కట్టలేని మనిషి చెప్పుల దుకాణానికి అక్కర్లేకపోయాడు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. అతను ఇంట్లో ఉండిపోయాడు. మామగారు తన దారిన తాను లేత్ తిప్పుకునేవాడు. ర్యాక్ గోడవారన బోర్లా పడి ఉండేది.

ఏడాది తిరక్కుండా మేస్త్రికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కూతురు పనికి వెళ్లాక ఆయన్ను చూసుకోవాల్సింది అల్లుడే. చూసుకున్నాడు. ఒళ్లు తుడిచాడు, జావ తాగించాడు, జుట్టు దువ్వాడు. ఇరుగుపొరుగువాళ్లు కన్నకొడుకైనా ఇంత చెయ్యడన్నారు.

ఒకరోజు మామగారు మధ్యాహ్నం నిద్రలో ఉండగా షెడ్డులోకి వెళ్లి ర్యాక్ నిలబెట్టాడు. గోడకు రంధ్రాలు వేసి, వెనకనుంచి బోల్టులతో బిగించి, ఊపి చూశాడు. ఇల్లు కూలినా అది కూలదు. పాదాలు మాత్రం మార్చలేదు.

సాయంత్రం మామగారిని చక్రాల కుర్చీలో షెడ్డులోకి తోసుకొచ్చి, సరిగ్గా ర్యాక్ ముందు కూర్చోబెట్టాడు. ఒక కడ్డీ ఎత్తి, ఆయన తలమీదుగా పై వరసలో పెట్టాడు. ముసలాయన కళ్లు పాదాల మీదకు పోయాయి. అక్కడే నిలిచిపోయాయి.

“సరేనా మామయ్యగారూ?”

ఆయన గొంతులో గురగుర తప్ప ఏమీ రాలేదు.

“నా ఇష్టమేనా? సరే.”

రెండోది పెట్టాడు. మూడోది పెట్టాడు. ముసలాయన మంచి చెయ్యి కుర్చీ అంచును పట్టుకుని వణికింది. అల్లుడు ఆ వణుకును కడదాకా చూశాడు. తర్వాత కడ్డీలు ఒక్కొక్కటే దింపి, ఆయన్ను ఇంట్లోకి తీసుకెళ్లి, ఎప్పటిలా నెమ్మదిగా జావ తాగించాడు. ఆ రాత్రి చాలాకాలం తర్వాత అతనికి కంటినిండా నిద్ర పట్టింది.

మర్నాడూ అలాగే చేశాడు. ఆ మర్నాడూ. కుర్చీ షెడ్డు వైపు తిరగగానే ముసలాయన తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టేవాడు.

ఒక సాయంత్రం భార్య పెందలాడే ఇంటికి వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది. నాన్న పంచె తడిసి, కుర్చీ కింద మడుగు కట్టి ఉంది. భర్త చేతిలో కడ్డీ ఉంది.

“పడదులే. వెనక బోల్టులున్నాయి” అన్నాడతను.

“నాన్నకి తెలుసా?”

అతను చేతిలోని కడ్డీని నేల మీదకు దించాడు.

ఆమె తండ్రి కుర్చీని తనే తోసుకెళ్లింది. వెనక్కొచ్చి షెడ్డుకు తాళం వేసింది. మర్నాటినుంచి పక్కింటావిడను బతిమాలుకుని నాన్నను ఆవిడకు అప్పగించి పనికి వెళ్లేది. భర్త అడుగుల చప్పుడు వింటే చాలు, ముసలాయన కళ్లు గట్టిగా మూసుకునేవాడు. అలా మూసుకునే, చలికాలం వెళ్లేలోపు పోయాడు. అందరికంటే ఎక్కువగా ఏడ్చింది అల్లుడే. చూసినవాళ్లు కళ్లొత్తుకున్నారు. భార్య అతని వైపు తిరగలేదు.

తర్వాత షెడ్డును ఒక సైకిళ్లు బాగుచేసే ఆయనకు అద్దెకిచ్చారు. మొదటిరోజు ఆయన ర్యాక్ పట్టుకుని బలంగా ఊపి చూసి, వంటింటి కిటికీ దగ్గరకు వచ్చాడు.

“భలే గట్టిగా ఉందమ్మా. ఎవరు కట్టారు?”

భర్త పీట మీద కూర్చుని ఎడమచేత్తో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తలెత్తాడు.

“మా నాన్న” అంది ఆమె.

అతను తల దించుకుని మళ్లీ తరగడం మొదలుపెట్టాడు.