ధహ్రాన్ నుంచి వేలం పాడిన పిన్నిగారు

పోయిన ఆదివారం పొద్దున పాపను స్కూలు బస్సెక్కించి, కాంపౌండు గేటు దగ్గర ఇంకా నిలబడే ఉన్నాను. సౌదీలో ఆదివారం బడి ఉంటుంది. అనంతపురం నుంచి బాబాయిగారి ఫోన్. ఆ నంబరు నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా ముందు పిన్నిగారి గొంతే వినపడేది. ఆ రోజు ఆయనే మాట్లాడారు.

"మీ పిన్ని పోయిందమ్మా. కాఫీ తాగి కుర్చీలో కూర్చుంది. పిలిస్తే పలకలేదు" అన్నారు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఇక్కడ ధహ్రాన్‌లో ఆరేళ్ళు మా పక్కింట్లో ఉన్నారు, అంతే. రెండేళ్ళ కిందట బాబాయిగారి ఉద్యోగం ముగిసి ఫైనల్ ఎగ్జిట్ పడ్డాక ఊరెళ్ళిపోయారు. కానీ ఈ దేశంలో నాకు చదువు చెప్పిన మనిషి ఎవరని అడిగితే ఆమె పేరే చెబుతాను.

నేను బీకాం చదివి, నెల్లూరులో ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్ళు పనిచేశాను. పెళ్ళయ్యాక, భర్త వెంట వచ్చేవాళ్ళకిచ్చే నివాస కార్డు, డిపెండెంట్ ఇకామా మీద ఇక్కడికొచ్చాను. ఉద్యోగం చేసే అనుమతి లేదని ఆ కార్డు మీదే ఉంటుంది. కొత్తలో దాన్ని చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. ఒకసారి పిన్నిగారి ముందు ఆ మాటంటే, "అది కార్డుకు రాసింది పాపా, తలకాయకు కాదు" అన్నారు.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళింది నిచ్చెన కోసం. ఏసీ ఫిల్టరు కడగాలి. తలుపు తీసిన పిన్నిగారు, "లోపలికి రా, పాట జరుగుతాంది, మాట్లాడొద్దు" అన్నారు. ఏదో సంగీతం అనుకున్నాను. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన గీతలు గీసిన నోటుపుస్తకం. తెర మీద వరసగా ఇళ్ళ నంబర్లు కదులుతున్నాయి. మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజుకు అజాన్ వినిపిస్తోంది. ఇక్కడ ఆ వేళకు అమెరికాలో పొద్దున ఆఫీసులు తెరుస్తారు.

అది ఒక కౌంటీ వేలంపాట. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది.

"అక్కడ ఇళ్ళు కొంటున్నారా పిన్నీ?" అని నోరెళ్ళబెట్టాను.

"ఇల్లు కాదు పాపా, ఇంటి మీద బాకీ. ఇంటోళ్ళు పన్ను కట్టలేదు, సర్కారుకు డబ్బు కావల్ల. ఆ పన్ను నేను కడతా. తర్వాత వాళ్ళు వడ్డీతో తీరుస్తారు. గడువు దాటినా తీర్చకపోతే అప్పుడు ఇంటి సంగతి."

"మరి పాటెందుకు?"

"ఈ పాట పైకి పోదు, కిందికి దిగుతాది. నూటికి పదహారు వడ్డీతో మొదలు. నాకు పద్నాలుగు చాలంటాడొకడు, పది చాలంటాడింకొకడు. ఎవరికి ఆశ తక్కువో వాళ్ళదే పాట." అలా చెబుతూనే మీట నొక్కి ఒకటి దక్కించుకున్నారు. నిచ్చెన సంగతి నేనూ మరిచిపోయాను.

బాబాయిగారు అమెరికాలో పనిచేసిన రోజుల్లో ఆమె పన్నెండేళ్ళు ఒక కౌంటీ పన్నుల ఆఫీసులో కౌంటర్ మీద కూర్చున్నారట. ఈ విద్య అక్కడిదే. జాబితాలో ఉన్న ప్రతి ఇంటినీ ఉపగ్రహం ఫొటోలో చూసేవారు. వీధి ఫొటోలో గేటు దాకా వెళ్ళేవారు. గడ్డి కోశారా, పోస్టు డబ్బా నిండిపోయిందా, కప్పు మీద రేకు లేచిందా అని చూసి నోటుపుస్తకంలో రాసుకునేవారు. "కాగితం మీద అన్నీ బంగారు కొంపలే" అనేవారు.

ఆ మాట నాకు ఎక్కలేదు. నేనూ పాడదామనుకుంటే, అందుకు కావలసిన అక్కడి పన్ను నంబరు తెప్పించుకోవడానికే నాకు నెలలు పట్టింది. అది రాగానే ఆమెకు చెప్పకుండా చాలా తక్కువ బాకీ ఉన్నదొకటి పాడేశాను. గొప్పగా తీసుకెళ్ళి చూపించాను. పిన్నిగారు ఫొటో పెద్దది చేసి చూసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. అది రెండిళ్ళ మధ్య మురుగుకాలువ. గజం వెడల్పు. ఓనరు ఎప్పుడో వదిలేశాడు.

"బాధపడొద్దులే. ధహ్రాన్‌లో కూర్చుని అమెరికాలో కాలవ కొన్న ఆడమనిషి మన జిల్లాల్లో ఇంకొకరు ఉండరు" అన్నారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఫొటో చూడకుండా నేను దేన్నీ పాడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా మధ్య జరిగిన గొడవ. దాన్ని దాచిపెట్టి ఆమెను పొగిడితే అబద్ధమవుతుంది.

రెండో ఏడు నేను పన్ను కట్టిన ఒక ఇల్లుంది. చిన్నదే, ముందు వరండా, పక్కన రేగుచెట్టులాంటిదేదో ఒక చెట్టు. ఇంటివాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. గడువు దగ్గరపడింది. అది దాటితే ఇంటిని మా పేర రాయమని కోర్టులో అడగొచ్చు. సరిగ్గా అప్పుడే మావారి కాంట్రాక్టు పొడిగించేది లేదని కంపెనీ చెప్పేసింది. నెల తిరిగితే ఇకామా ఉంటుందో లేదో తెలియదు. మావారు రోజూ ఆ ఇంటి ఫొటో తెరిచి చూసేవారు. "ఇది అమ్మితే నెల్లూరులో మనకంటూ ఒక ఇల్లు" అనేవారు.

రూలు ప్రకారం ఇంటావిడకు నోటీసు పంపాం. అది తిరిగొచ్చింది. రికార్డులో ఉన్న చిరునామాకే పంపాం కాబట్టి చాలు, ముందుకు పోదామని అక్కడి లాయరు రాశాడు. ఆ సంతోషం పిన్నిగారితో పంచుకోబోయాను.

"తిరిగొచ్చిన జాబు చేరిన జాబు కాదు పాపా" అన్నారు. లేచి వెళ్ళి ఫోన్ తెచ్చుకున్నారు. వీధి ఫొటోలో ఆ వీధి చివర ఒక చర్చి ఉంటే, దాని నంబరు వెతికి ఫోన్ చేశారు. వాళ్ళకు ఆ ఇంటావిడ తెలుసు. భర్త చనిపోయాడు. ఆమె జారిపడి తుంటి ఎముక విరిగి, వేరే ఊళ్ళో మేనకోడలి దగ్గరుంది. నంబరిచ్చారు. పిన్నిగారు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇది నీ పాట. నువ్వే మాట్లాడల్ల" అన్నారు.

మాట్లాడాను. ముసలామె గొంతు సన్నగా ఉంది. "పన్నులన్నీ మా ఆయన చూసుకునేవాడు. ఆయన పోయాక ఆ సంగతే నాకు తట్టలేదు" అంది. "నువ్వు సౌదీ నుంచి మాట్లాడుతున్నావా? మా ఇంటి గురించా?" అని అడిగింది. అవునన్నాను. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది. నాకు సిగ్గేసింది. ఫోన్ పెట్టగానే ఆ సిగ్గు కాస్తా కోపమైంది.

"మీకేం పిన్నీ! మీ ఇల్లు మీకుంది. రేపు మేం సూట్‌కేసులు పట్టుకుని ఎక్కడికి పోవాలి?" అని అరిచాను. ఎప్పుడూ ఆమె ముందు గొంతు పెంచలేదు. ఆమె నొచ్చుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి కూర్చున్నారు.

"కౌంటర్‌లో ఉన్నప్పుడు ఒకాయన వచ్చినాడు. గడువు అయిపోయిన మరుసటి దినం. డబ్బు కవరులో పెట్టుకోని వచ్చినాడు, ఎంచి చూసుకోమన్నాడు. నేను తీసుకోలేదు. తీసుకునే దారి లేదు. నేను రూలు ప్రకారమే మాట్లాడినా, తప్పు చేయలేదు. ఆయన కవరు చేతిలో పెట్టుకోని అట్లే నిలబడినాడు. ముందు వారం ఒక ఫోన్ చేసింటే సరిపోయేది. ఫోన్ నా పక్కనే ఉండె."

మజ్జిగ తాగి ఇంటికొచ్చాను. మావారికి జరిగింది చెప్పాను. రెండు రోజులు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు భోజనం చేస్తూ, "ఆ ముసలావిడ నడుస్తోందా ఇప్పుడు?" అని అడిగారు. అంతటితో ఆ ఇంటి ఫొటో మా ఇంట్లో ఎవరూ తెరవలేదు.

గడువుకు వారం ముందు ఆమె మేనకోడలు బాకీ మొత్తం కట్టేసింది. నా డబ్బు వడ్డీతో సహా వచ్చింది. మావారికి దక్షిణాన ఎక్కడో దూరంగా ఉన్న ఖమీస్ ముషైత్‌లో ఒక నిర్మాణ సంస్థలో పని దొరికింది. ఎనిమిది నెలలు ఆయనక్కడ, మేమిక్కడ. ఆ ఎనిమిది నెలలూ పాప స్కూలు ఫీజు నా వేలం డబ్బుతోనే కట్టాను. ఆ తర్వాత ఆయనకు మళ్ళీ ధహ్రాన్‌లోనే పని దొరికింది. నెల్లూరులో ఇల్లు ఇంకా లేదు. ఆ ఫోన్ చేసినందుకు ఒక్కరోజైనా బాధపడ్డానా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. లేదు.

వెళ్ళిపోయే ముందు పిన్నిగారు నాకేమీ అప్పగింతలు పెట్టలేదు. "అత్యాశ వచ్చిన దినం లాప్‌టాప్ మూసేసి వంట చేసుకో" అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ నేను పాటిస్తున్నాను. అందుకే మా ఇంట్లో కొన్ని రోజులు కూరలు ఎక్కువుంటాయి.

నిన్న బాబాయిగారు ఒక ఫొటో పంపారు. పోయిన వేసవిలో తీసిందట. ఇంటిపన్ను కట్టొస్తానని అనంతపురం మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళిన మనిషి మధ్యాహ్నమైనా రాకపోతే, ఆయనే వెతుక్కుంటూ వెళ్ళారు. ఆఫీసు మెట్ల మీద పిన్నిగారు కూర్చుని ఉన్నారు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నారు. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన. ఎవరిదో నోటీసు కాగితాన్ని రెండు చేతులతో వెలుతురుకు ఎత్తిపట్టి చదువుతున్నారు. వాళ్ళందరూ ఆ కాగితం వైపు కాదు, ఆమె మొహం వైపే చూస్తున్నారు.