శాలువా కప్పి పంపించేశారు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సైన్స్ టీచర్లకిచ్చే ఫెలోషిప్ నాకు వచ్చిందని తెలియగానే ఆగలేకపోయాను. కోదాడ బస్సులోంచే మిర్యాలగూడలో రైస్ మిల్లు పనిలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. అదేంటని అడిగింది. కొత్త పద్ధతుల్లో పాఠం చెప్పడం నేర్పిస్తారనీ, ప్రభుత్వం బడుల నియమాలు మార్చేటప్పుడు మమ్మల్నీ పిలిచి అడుగుతారనీ చెప్పాను.

"నిన్ను అడుగుతరా?" అంది. సాయంత్రానికి మిల్లంతా తెలిసిపోయింది.

అడిగితే ఏం చెప్పాలో నాకెప్పటి నుంచో తెలుసు. గరిడేపల్లి దగ్గర మా బడిలో సైన్స్ ల్యాబ్ ఉంది. దానికి తాళమూ ఉంది. బీకర్లు, గాజు గొట్టాలు వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. పగిలితే టీచరే కట్టుకోవాలట, అందుకని ఎవరూ బయటికి తియ్యరు. పదో తరగతి పిల్లలు ఆమ్లంలో క్షారం కలిపితే ఏమవుతుందో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఒక్కరూ కలిపి చూడలేదు. సుద్దముక్క అరిగితే ఎవరూ అడగరు, పిల్లల చేతిలో గాజు పగిలితే మాత్రం నేరం!

ల్యాబుల నియమాల మీద సూర్యాపేటలో సమావేశానికి పిలిచారు. వరసగా నిలబెట్టి మాకు శాలువాలు కప్పారు, ఫొటో తీశారు, కింద భోజనాలు సిద్ధమన్నారు. మిగతా టీచర్లు దిగిపోయారు. అధికారులు చర్చకు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నేను లేవలేదు.

"ఇంకా కూర్చున్నారేంటమ్మా? సన్మానం అయిపోయింది గదా," అన్నారు పెద్ద సారు.

"సన్మానానికి రాలే సార్. ల్యాబ్ గురించి అడుగుతమంటే వచ్చిన."

"మీ అభిప్రాయాలు మాకు తెలుసమ్మా."

"అడగకుంటనే ఎట్ల తెలిసినయ్ సార్?"

వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. పగిలినవాటి ఖర్చు టీచర్ల మీద వెయ్యొద్దనీ, అలా వేసినంత కాలం ఏ ల్యాబూ తెరుచుకోదనీ చెప్పాను. చూద్దామన్నారు. అంటూనే తలుపు వైపు చూశారు. మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోయింది. మమ్మల్ని పిలిచింది ఆ ఫొటో కోసమేనా?

మర్నాడు బడిలో, సమావేశంలో అధికారులు ఏమన్నారని మా హెడ్మాస్టరు అడిగారు.

"సూస్తమన్నరు సార్. వాళ్లు సూసేటాల్లకు మన పిల్లల పది అయిపోతది. తాళంచెవి ఇయ్యిన్రి."

"పగిలితే?"

"నేను సూస్కుంట."

ఆయన నన్నూ, నా చేతిలోని సంచినీ చూసి తాళంచెవి ఇచ్చారు. సంచిలోంచి శాలువా తీసి, మడత పెట్టి, ల్యాబ్ బల్ల మీద పరిచాను. దాని మీద బీకర్లు పెట్టాను. గాజు జారినా మెత్తగా పడుతుంది. ఓ అమ్మాయి ఫినాఫ్తలీన్ సూచిక కలిపిన ఆమ్లంలో చుక్క చుక్కగా క్షారం పోస్తుంటే నీళ్లలా ఉన్నది ఒక్కసారిగా గులాబీ రంగుకు తిరిగింది. ఆ పిల్ల బీకరు కడిగేసి మళ్లీ మొదలుపెట్టింది.

నియమం ఇంకా అలాగే ఉంది. ప్రతి సమావేశానికీ వెళ్తున్నాను, ప్రతిసారీ అదే అడుగుతున్నాను.

ల్యాబ్ తెరిచిన రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "శాలువా తేవేందే? మిల్లుల అందరికి సూపెడ్తనని చెప్పిన."

"అది పనిల ఉన్నదమ్మా," అన్నాను.