ఎవరూ చూడని అంచు

మామ పోయిన కబురు ఆసుపత్రి నుంచి అత్తే ఫోన్ చేసి చెప్పింది. "కన్నూ, మీ మామ పోయినారు. కంప్యూటర్ తెరిచే ఉండాది. నాకు మూసేది తెలియదు, నువ్వు రా" అంది. కోయంబత్తూరు ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వెళ్లాను. నేను చేరేసరికి ఛార్జింగ్ అయిపోయి కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. దగ్గర్లోని కారమడై ఊరి మగ్గాలవాళ్లకు చీర అంచులు గీసుకునే సాఫ్ట్‌వేర్ రాసిచ్చాడు. నాకు ఆ పని నేర్పిందీ ఆయనే. డిజైన్‌ను ఫైలుగా దాచే పద్ధతి ఏళ్లలో ఎన్నోసార్లు మారింది. అయినా ఏ కాలపు ఫైలు తెచ్చినా తెరుచుకునేది. ప్రతి ఫైలు మొదట్లో అది ఏ పద్ధతిలో దాచిందో చెప్పే నంబరు ఉంటుంది. అది చూశాకే మిగతాది చదవాలి. "మనోళ్లు కొత్తోళ్లను కూర్చోమనేకి ముందే ఇంటిపేరు అడగరా? అట్ల" అనేవాడు. అడగడమంటే ఆయనకు నిజంగానే సరదా. నా స్నేహితులు చాలామంది గుమ్మంలోనే దొరికిపోయారు.

పాత ఫైళ్లను చదివే కోడ్ తీసేద్దామని నేను విసుక్కుంటే ఒప్పుకునేవాడు కాదు. "పాతది చదవను రానోడు కొత్తది రాయకూడదు" అనేవాడు. కాఫీలో చక్కెర మానమన్నా అంతే మొండితనం.

అలాంటి మనిషి ఆసుపత్రి మంచం మీద అత్త కోసం ఒక అంచు గీశాడు. దానికోసం రంగులను అంకెలుగా దాచే పద్ధతి మార్చాడు. నంబరు మార్చడం, చదివే కోడ్ రాయడం మిగిలిపోయాయి. ఆ ఫైలు ఇప్పుడు పాత నంబరుతోనే తెరుచుకుంటుంది. తప్పుందని సాఫ్ట్‌వేర్ చెప్పదు. గీతలన్నీ సరిగ్గా వస్తాయి, రంగులే ఏవేవో వస్తాయి. ఏ అంకె ఏ రంగో ఆయన ఎక్కడా రాయలేదు. వెతికి వెతికి ఆయన మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద ఏం కోపం, ఏడుపే అది.

చివరికి అత్తను అడిగాను. "మామ చూపించినప్పుడు ఏ రంగులుండె అత్తా?"

"నేను చూడలేదు కన్నూ. చూడు, చూడు అన్నారు. ముందు ఇడ్లీ తినండి, నేసినాక కట్టుకొనే చూస్తా అంటిని."

ఊహించిన రంగులతో కారమడైలో జానెడేసి ముక్కలు నేయించి తెస్తున్నాను. అత్త ఒక్కోదాన్నీ భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడుతుంది. చాలాసేపు చూసుకుంటుంది. ప్రతి ముక్కకూ ఒకటే మాట.

"ఇదేనేమో కన్నూ."